కిందాయన

బెత్తెడు దిగగానే గునపం ఖంగుమంది.

"చూశావా? అంతా రాయే," అన్నాడు రైతు. "మనం వచ్చిన కొత్తలో జానెడు దిగేది. ఈసారి పంట నిలబడకపోతే ఈ చేను మీద ఆశ వదులుకోవాల్సిందే."

భార్య వంగి పిడికెడు మట్టి తీసింది. మట్టి తక్కువ, గులకరాళ్ళు ఎక్కువ.

"పోయిన మట్టి తిరిగి రావాలంటే ఏ దేవుణ్ణి అడగాలండీ?"

"దేవుణ్ణెందుకు? కిందాయన్ని అడగాలి. మన చేను చిక్కిపోతుంటే ఆయన చేను బలుస్తోంది."

ఆ కిందాయన్ని వాళ్ళెప్పుడూ చూడలేదు. వాళ్ళది ఏటవాలు చేను. దాని అంచున నిలువెత్తు గట్టు, గట్టు కింద పొదలు, పొదల అవతల ఆయన పొలం. దానికి దారి వేరు, ఊరు వేరు. వాన పడితే ఎర్రనీళ్ళు మాత్రం దారి అడక్కుండానే అటు దిగేవి.

మర్నాడు పొద్దున్నే చేను అడుగున ఒక ముసలామె కనబడింది. నీళ్ళు కోసిన గండికి అడ్డంగా రాళ్ళు పేర్చి, వాటి వెంట గడ్డి దుబ్బులు నాటి, వెనక తట్టతో మట్టి పోస్తోంది.

"ఎవరవ్వా నువ్వు? మా చేలో మట్టి పోస్తున్నావేంటి?" అంది భార్య.

"మీ మట్టేలే తల్లీ."

అంతలో రైతు వచ్చాడు.

"కిందనుంచేగా వచ్చావ్?"

"కిందనుంచే నాయనా."

"కిందాయన కూలిమనిషివా?"

ముసలామెకి నవ్వొచ్చింది. "ఈ మట్టికి కూలిమనిషినే అనుకో."

"అదీ సంగతి! సారమంతా తను ఉంచుకుని, చెత్తమట్టి మా చేలో పోయిస్తున్నాడు. ఇన్నాళ్ళూ మా నోట్లో మట్టి కొట్టింది చాల్లేదా?"

"చెత్త కాదు నాయనా. రాయి అరిగి అరిగి చారెడు మట్టి కావాలంటే ఎన్ని తరాలు పడుతుందో! దాన్ని ఒక్క వానకి వదిలేసుకుంటామా? నువ్వూ నాగలి అలా పైనుంచి కిందికి తోలకు. వాలుకి అడ్డంగా తోలు. ఒక్కో చాలూ ఒక్కో గట్టై నీళ్ళని ఆపుతుంది."

"నాకు దున్నడం నేర్పి రమ్మన్నాడా మీ ఆయన?"

"అది కాదు నాయనా, ఆ కింది చేను..."

"ఆ చేను ఊసు నా దగ్గర ఎత్తకు!"

రైతు కాలితో తట్టని తన్నాడు. అది గండిలోకి దొర్లిపోయింది. వెదురు అంచు విరిగింది.

ముసలామె నెమ్మదిగా దిగి తట్ట తీసుకుంది. విరిగినచోట చేత్తో నిమిరింది. పచ్చచీర కొంగులోంచి పీలిక చింపి అంచుకి బిగించి కట్టింది.

"నేను రానులే నాయనా. ఆ రాళ్ళు మాత్రం తీయకు," అని వెళ్ళిపోయింది.

"పాపం, పెద్దావిడండీ," అంది భార్య.

"పాపమని ఊరుకుంటే రేపు బండరాళ్ళు తెచ్చి పడేస్తుంది."

ఆ రోజే అతను రాళ్ళన్నీ తీసి గట్టు కిందికి విసిరేశాడు. గడ్డి దుబ్బులు పీకేశాడు. ఆమె మళ్ళీ ఎక్కి రాకుండా గండికి ముళ్ళకంప అడ్డం పెట్టాడు. చేను ఎప్పటిలాగే పైనుంచి కిందికి దున్ని విత్తనం వేశాడు.

దేవుడి ముందు దీపం పెట్టినప్పుడల్లా భార్యకి ఆ తట్ట గుర్తొచ్చేది. భర్తతో మాత్రం అనలేదు.

మొలకలు వేలెడు లేచాయి. అప్పుడు పడింది పెద్దవాన.

నీళ్ళు నాగటిచాళ్ళనే కాలవలు చేసుకున్నాయి. వాన వెలిసి చూస్తే మొలకలు లేవు, మట్టి లేదు. చేను నడుమ కడిగిన పళ్ళెంలా బండ తేలి ఉంది.

"ఇవాళ తాడో పేడో తేలిపోవాలి!" అని రైతు చుట్టుదారిన బయల్దేరాడు. గొడవ ముదురుతుందేమోనని భార్య వెనకే నడిచింది.

కింది పొలంలో ఒకామె గండి మూతి దగ్గర చేరిన ఎర్రమట్టిని పారతో ఎత్తుతోంది.

"కిందాయన ఉన్నాడా?" అని కేకేశాడు రైతు.

"మేం కిందవాళ్ళమైతే మీరు పైవాళ్ళన్నమాట!" ఆమె పార వదిలేసి ఎదురొచ్చింది. "రండి రండి. మీరొస్తారని ఎంత ఎదురుచూశారో."

"ఎవరు?"

"మా ఇంట్లో పెద్దవారు, ఈ చేను చూసుకునేవారు. కాస్త ముందొచ్చి ఉంటే బాగుండేది. జ్వరమొచ్చి పోయారండీ, వారం దాటింది."

దారిపొడుగునా తిట్లు కూడబెట్టుకొచ్చిన రైతు తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఆమె వాళ్ళని పాక వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ మనిషెత్తు మట్టిగుట్ట ఉంది. తడవకుండా గోనెలు కప్పి ఉన్నాయి.

"ఇదంతా మీ మట్టే. వాన పడ్డప్పుడల్లా ఎత్తి విడిగా పోసేవారు. మన చేలో కలుపుకుందామని నేనంటే, 'పరుల మట్టిలో పండిన గింజ మనకి ఒంటబట్టదు, వాళ్ళు అడిగినరోజు ఇచ్చేద్దాం' అనేవారు. మీ బండి తెచ్చి పట్టుకెళ్ళండి."

రైతు తల వంచుకున్నాడు.

"ఎంత మంచి మనిషమ్మా మీ మామగారు!" అంది భార్య, కళ్ళు తుడుచుకుంటూ.

"మామగారా? ఆయన పోయి చాలా ఏళ్ళైందండీ. ఈ చేను మా అత్తగారిది."

గోనె జారకుండా గుట్ట మీద ఒక వెదురు తట్ట బోర్లించి ఉంది. దాని విరిగిన అంచుకి పచ్చచీర పీలిక ఇంకా కట్టే ఉంది.