తడిక చప్పుడు

మైపాడులో దీపాలు పెట్టే వేళకు కబురు అందింది. రెండు రోజులుగా జాడలేని బోటు వేరే రేవులో ఒడ్డు చేరింది. క్రీస్తురాజుతో సహా అందరూ క్షేమం, రాత్రికి ఇళ్లు చేరతారు. అతని భార్య ఆనందకుమారి కొత్త గచ్చు మీద మోకాళ్లూని దేవునికి స్తోత్రం చెప్పింది. గృహప్రతిష్ఠ ప్రార్థన జరిగిన మర్నాడే అతను వేటకు వెళ్లాడు. ఇప్పటికి ఈ కొత్తిల్లు తమ ఇల్లులా అనిపించింది.

చేపల పులుసు దించి కూతురు షారన్‌కు అన్నం పెడుతుంటే, పెరట్లో ఖాళీ చేసిన పాత గుడిసె దగ్గర తడిక తీసిన చప్పుడైంది. ఇసుక మీద ఈడ్చిన ఆ చప్పుడు ఆమెకు పెళ్లైన నాటి నుంచి తెలుసు.

నవ్వొచ్చింది. "మీ నాయన చూడు, అలవాటు చొప్పున ఆడికే పోయినాడు" అంటూ వెళ్లి పెరటి తలుపు బార్లా తీసింది. బయటంతా చీకటి.

"ఇటు రాయ్యా, కొత్తింట్లో ఉండాం."

చప్పుడు ఆగింది. కాసేపు రొయ్యల గుంటల మోటార్ల మోత తప్ప ఏమీ వినబడలేదు. తర్వాత ఇసుకలో అడుగులు ఇటు తిరిగాయి.

"అమ్మా, తడిక ఏడుంది?" అంది షారన్, కంచం ముందు నుంచి లేవకుండానే. "పొద్దున నీళ్లు కాచేదానికి పొయ్యిలో పెట్టేసినా గదా."

అప్పుడే ఫోన్ మోగింది. భర్త గొంతు అలసటగా, సంతోషంగా ఉంది.

"కుమారీ, ఆటోలో ఇందుకూరుపేట దాటినాం. తలుపు తీసిపెట్టు."

తలుపు తీసే ఉంది. ఇసుకలో అడుగుల చప్పుడు ఆగి, కొత్త మెట్ల మీద మొదలైంది.