సువార్తమ్మ ఇంట్లో విగ్రహం

"మా ఇంట్ల ఒక విగ్రహం ఉన్నదయ్యగారూ. దాని గురించి ప్రార్థన చెయ్యుండ్రి."

సువార్తమ్మ ఈ మనవి చెప్పేసరికి చాప మీద కూర్చున్న మిగిలిన ముగ్గురూ కళ్ళు తెరిచారు. పాస్టరు జీవరత్నం, కొడుకు ప్రభుదాసు, కోడలు విమల.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు డిపో గేటు దాటడం లేదు. చర్చి దూరం కావడంతో మియాపూర్‌లోని వాళ్ళ ఫ్లాట్‌లోనే ఆదివారం ఆరాధన పెట్టుకున్నారు. పక్క కాలనీలో ఉండే జీవరత్నం అయ్యగారు ఎండలో నడిచి వచ్చారు. ఆ ఇంటి గోడకి వాక్యాల క్యాలెండరు తప్ప బొమ్మన్నది ఆయన ఎన్నడూ చూడలేదు. ఎక్కడుందమ్మా ఆ విగ్రహం అని అడిగారు.

సువార్తమ్మది మెదక్ దగ్గర పల్లె. ఏ మాటా సూటిగా చెప్పే మనిషి కాదు, ఊరంతా తిప్పి గానీ ఇంటికి తీసుకురాదు.

"ఉన్నది. పొద్దుగాల లేస్తే దాని సేవే. ఫ్యాను దాని దిక్కే తిరగాలె. అది వేడెక్కిందంటే ఇంట్ల అందరం గప్‌చుప్. ఒక్కోపారి మొఖం నల్లగ చేసుకొని కూసుంటది, ఎందుకో తెల్వది. కండ్లున్నయి, ఎవలు అలిసిపోయిన్రో కనబడది. చెవులున్నయి, పిలిస్తే పలకది. మేమే నెత్తిన పెట్టుకున్నం."

విమల తల వంచుకుని చాప అంచు సర్దింది.

ప్రభుదాసుకి చివుక్కుమంది. అతను నానక్‌రామ్‌గూడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. సమ్మె మూలంగా ఇంటి నుంచే పని చేసుకోమన్నారు. అప్పటి నుంచీ సోఫా, అతను, ఒళ్ళో లాప్‌టాప్. అది నిజంగానే కాలిపోతుంది, దానికోసం టేబుల్ ఫ్యాను పెట్టింది కూడా నిజమే. ఉన్నట్టుండి దాని తెర నల్లబడితే అతని ప్రాణం పోయినంత పనవుతుంది. కళ్ళంటే కెమెరా, చెవులంటే మైకు. కంప్యూటరు ముట్టని తల్లి ఎంత లోతుగా ఆలోచించిందో అనుకుని అతనికి కళ్ళు చెమర్చాయి.

పైగా ఈ విగ్రహం వల్ల ఏం పోనుందో అతనికి తెలుసు. విమల కూకట్‌పల్లిలో ఒక బడిలో టీచరు. సమ్మెతో బడి మూతపడింది. రాష్ట్రమంతా పనులు ఆగాయి గానీ ఆమె వంటింటి పని మాత్రం రెట్టింపైంది. మొన్న ఆమె గొడవ పడలేదు, ఏడవలేదు. బట్టలు మడిచి బ్యాగులో పెట్టుకుని ఒకే మాట అంది.

"బస్సులు నడిచిన్నాడు సదాశివపేట పోత, మా అమ్మ దగ్గరికి. మల్ల రమ్మని పిలవకుండ్రి."

అన్నంత పనీ చేసే మనిషని ఇంట్లో ఇద్దరికీ తెలుసు. అందుకే తెలంగాణ రావాలని రోజూ మోకరించే సువార్తమ్మ, బస్సులు మాత్రం జర ఆగి రావాలని దేవుణ్ణి విడిగా వేడుకుంటోంది. కోడలంటే ఆమెకు అంత ప్రాణం.

జీవరత్నం అయ్యగారు చాలాసేపు ప్రార్థించారు. విగ్రహమంటే రాయీ రప్పా కాదని, దేవుడికి ఇవ్వాల్సిన చోటు దేనికిస్తే అదే విగ్రహమని, దాన్ని దించేది బయటివాళ్ళు కాదు, ఎత్తుకున్నవాళ్ళేనని చెప్పారు. ఆయన చూపు కూడా లాప్‌టాప్ మీదికే పోయింది.

ఆమెన్ అంటూనే ప్రభుదాసు లేచాడు. అందరి ముందే మేనేజరు రంగనాథ్‌కి ఫోన్ చేసి, ఇకనుంచి ఆదివారాలు, సాయంత్రాలు పని ముట్టనని చెప్పాడు. రంగనాథ్ అనంతపురం మనిషి, మంచివాడు. రేపు క్లయింటుకు చూపించాలి కదబ్బా, నీ ప్రమోషన్ దీనిమీదే ఉంది కదా అని నచ్చజెప్పాడు. పోతే పోనీ సార్ అన్నాడు ప్రభుదాసు. ఆ ప్రమోషన్ కోసం అతను రెండేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు.

లాప్‌టాప్‌ని అల్మరాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి తల్లి చేతికిచ్చాడు. విమల అతనివైపు చూసింది. చాలా రోజుల తర్వాత ఆమె చూపులో మెత్తదనం కనిపించింది. అయ్యగారు సంతోషపడి, గ్లాసెడు మజ్జిగ తాగి, వందనాలు చెప్పి వెళ్ళిపోయారు.

ప్రభుదాసు సోఫాలో వెనక్కి వాలి టీపాయ్ మీద కాళ్ళు చాపాడు. గుండె తేలికైంది. ఇక తన కాపురానికి ఢోకా లేదు. అప్పుడే కాస్త నడుం వాల్చబోతున్న భార్యని ఎంతో ప్రేమగా పిలిచాడు.

"విమలా, ఆ గ్లాసులు తీసి, అట్లనే ఒక చాయ్ పెట్టు. ఫ్యాను జర ఇటు తిప్పు."

విమల చూపులోని మెత్తదనం పోయింది. గ్లాసుల కోసం లేవబోయింది. సువార్తమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, కొడుకు పక్కకి వచ్చింది.

"లే దాసూ. గ్లాసులు నువ్వు కడుగు. చాయ్ నువ్వే పెట్టు, ముగ్గురికి. నీ ముందల ఇన్నేండ్లు నేను మొక్కింది చాలు, ఈ పిల్లతోని గూడ మొక్కించింది చాలు."

ప్రభుదాసుకి ఏమీ అర్థం కాలేదు. "ఇంకేం చెయ్యాలమ్మా? విగ్రహాన్ని అల్మరాల పెట్టి తాళమేసిన గదా."

సువార్తమ్మ వాడి తల ప్రేమగా నిమిరింది.

"నువ్వు అల్మరాల పట్టవు, బిడ్డా."