తొమ్మిదో ప్రశ్న

టైలర్ తలుపు తీసేసరికే సర్వేయమ్మ పెన్ను మూత తీసి సిద్ధంగా ఉంది. ఎనిమిది ప్రశ్నలు గబగబా అయిపోయాయి. తొమ్మిదో దాని దగ్గర ఆగి, అతని ముఖంలోకి చూసింది.

"గత వారంలో మీ ఇంటివాళ్లు కాకుండా, మీతో పది నిమిషాలకు పైగా మాట్లాడినవాళ్లు ఎంతమంది?"

"ఒక్కరు. మీరే, పోయిన ఆదివారం."

"నన్ను లెక్కలోకి తీసుకోకూడదు."

"అయితే సున్నా వేసుకోండమ్మా. కొలతలు కూడా జనం ఫోన్లోనే చెప్పేస్తున్నారు."

ఇది ఏడాదిన్నర కిందటి మాట. యూనివర్సిటీ ప్రహరీ గోడకు ఆనుకుని ఉన్న ఆ వీధికి ఆమె ప్రతి ఆదివారం పదింటికల్లా వచ్చేది. ఫారంలో పధ్నాలుగు ప్రశ్నలు. ఇంట్లో ఎంతమంది, నీళ్లు ఎప్పుడొస్తాయి, ఒంట్లో బాగోకపోతే ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తారు, ఇలాంటివి. తొమ్మిదో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఎంత బింకంగా ఉండే మనిషైనా మెత్తబడేవాడు. పది నిమిషాల ఫారం గంటకు గానీ తెమిలేది కాదు.

మొదట్లో ఆ వీధి ఆమెను నమ్మలేదు. మేడ మీది రిటైర్డు నర్సు ముఖం మీదే అడిగేసింది.

"దీపం కిందే చీకటని, ఆ యూనివర్సిటీ పక్కనే ఉండి మాకు ఒరిగిందేమిటి తల్లీ? ఏటా ఎవరో వస్తారు, రాసుకుంటారు, పోతారు. మళ్లీ అజాపజా ఉండరు."

"నేను మళ్లీ వస్తాగా" అంది సర్వేయమ్మ.

వచ్చింది. వానైనా ఎండైనా ఏ వారమూ తప్పలేదు. మోకాళ్లు పట్టేసి నర్సు మెట్లు దిగలేకపోతోందని ఫారంలో రాసుకుని, వెళ్తూ వెళ్తూ ఆ సంగతి టైలర్ చెవిన వేసింది. మర్నాడు అతను మందులు తీసుకుని మేడెక్కాడు. అతనికి మెడనొప్పి. నర్సు ఊరుకుంటుందా, మెషిన్ ముందు ఎలా కూర్చోవాలో అరగంట క్లాసు పీకింది. ఎదురింటి బస్సు డ్రైవరుకు బీపీ చూసేవాళ్లు కావాలి, నర్సుకేమో పొద్దు గడవాలి. వాళ్లిద్దరినీ కలిపింది కూడా సర్వేయమ్మే. సర్వేకొచ్చినవాళ్లు ఇలాంటి వాటిలో వేలు పెట్టకూడదేమో. ఆమె మాత్రం పెట్టింది.

సున్నాలు ఒకట్లయ్యాయి. ఒకట్లు నాలుగులయ్యాయి.

ఆమె సంతోషించింది. నిజంగానే సంతోషించింది. కాకపోతే గంట పట్టే ఫారం ఇప్పుడు ఏడు నిమిషాల్లో అయిపోతోంది.

"కాస్త త్వరగా కానివ్వండమ్మా. డ్రైవర్ గారు చదరంగానికి వస్తానన్నారు" అని టైలర్ గోడ గడియారం వైపు చూస్తాడు.

"కొత్తగా ఏముంటాయి, అన్నీ పోయిన వారంలాగే రాసేసుకోండి" అని డ్రైవరు గుమ్మంలోనే పంపించేస్తాడు.

ఇక మీరు రానక్కర్లేదని ఎవరైనా అనేస్తారేమోనని ఆమె భయం. ఆరు రోజులు ఎలాగో నెట్టుకురావచ్చు. ఆదివారం కూడా పోతే ఏం చెయ్యాలో ఆమెకు తెలియలేదు.

ఒక ఆదివారం నర్సు ఇంట్లో అయిదో ప్రశ్న అడుగుతుండగా, మెడలో యూనివర్సిటీ కార్డు వేసుకున్న ఒక రీసెర్చి విద్యార్థి రొప్పుతూ మేడెక్కాడు.

"ఇదిగో, మీ మనిషే వచ్చాడు" అంది నర్సు.

సర్వేయమ్మ చేతిలో ఫారం తిరగేసి ఒళ్లో పెట్టుకుంది.

"హమ్మయ్య, దొరికారు మేడమ్" అంటూ అతను కుర్చీ లాక్కున్నాడు. "ఈ వీధిలో ఏ గుమ్మం ఎక్కినా, మా సర్వేయమ్మ రాసుకుంటోందిగా, మధ్యలో నువ్వెవరంటున్నారు. మీది ఏ డిపార్ట్‌మెంట్?"

ఆమె తల నిలువుగానో అడ్డంగానో తెలియకుండా ఊపింది.

"సోషల్ వర్క్ అయ్యుంటారు. మన దగ్గర ఒకరు చేసేది ఇంకొకరికి ఎప్పుడు తెలిసింది గనక" అని అతనే సర్దుకున్నాడు. "అయినా ఎలాగో అడిగి రాసుకున్నాను. మీ ధర్మమా అని ఈ వీధిలో తొమ్మిదో ప్రశ్నకి ఒక్క సున్నా లేదు. చుట్టూ ఏడు వీధులూ పూర్తి చేశాను. ఒక్క ఇల్లు మిగిలింది."

"ఎవరిది బాబూ?" అంది నర్సు.

"వెనక వీధిలో, బేకరీ పైన గది. ఒక్కరే ఉంటారట. రెండేళ్ల కిందట మావాళ్లు వెళ్తే, ఆ ప్రశ్నకి సున్నా చెప్పి, ఇంకాసేపు కూర్చోమని బతిమాలారట. రేపొస్తామని ఖాళీ ఫారాల కట్ట కూడా అక్కడే పడేసి వచ్చారు మా వీరులు. మళ్లీ ఆ గడప తొక్కితే ఒట్టు. ఇప్పుడు అలాంటివాళ్ల ఇళ్లకి సాయంత్రాలు విద్యార్థుల్ని పంపాలనుకుంటున్నాం. జాబితాలో మొదటి ఇల్లు అదే. నాలుగు ఆదివారాలుగా వెళ్తున్నాను, ఎప్పుడు చూసినా తాళమే. ఇవాళ కూడా దొరక్కపోతే పేరు కొట్టేస్తారు."

"పాపం, ఎవరో ఏమో" అని నర్సు నిట్టూర్చింది. "అంతమంది మధ్య ఉండి, ఒక్కరి కంటా పడకుండా ఎలా బతుకుతారో."

"మీరు ఈ చుట్టుపక్కలే తిరుగుతుంటారు కదా మేడమ్" అన్నాడతను. "ఆ ఇంటివాళ్లు ఎక్కడ దొరుకుతారో మీకేమైనా తెలుసా?"

సర్వేయమ్మ సంచిలో చెయ్యి పెట్టి బేకరీ పైన గది తాళంచెవి బయటికి తీసింది.