పిడికిలి కింద చుక్కలు

"ఈ మూడు చుక్కలేంటి మాస్టారూ?"

కరాటే యూనిఫాం మీది చిహ్నానికి అర్థం అప్పజెబుతున్న పిల్ల, ఠక్కున ఆగి అడిగింది. బెల్టు పరీక్షలో అది చెప్పి తీరాలి.

చుట్టూ వలయం అంటే క్రమశిక్షణ. మధ్యలో పిడికిలి అంటే ధైర్యం. అంతవరకు మాస్టారికీ వచ్చు. దాని కింద నల్లచుక్కల సంగతి మాత్రం ఆయనకెవరూ చెప్పలేదు. ఈ బడికి వచ్చి రెండేళ్లేగా! తెలియదంటే పరువు పోదూ?

"చుక్కలు కాదమ్మా అవి, దారం ముడులు. కుట్టినవాడి తప్పు," అనేశాడు.

అని ఊరుకున్నా బాగుండేది. కత్తెర్లు తెప్పించి, అందరి చేతా విప్పించడం మొదలుపెట్టాడు.

రోజూ కిటికీ బయట నిలబడి చూసే ముసలాయన, మొదటిసారి లోపలికొచ్చాడు. గడప దాటుతూ ఒకసారి పైకప్పు వంక చూశాడు.

"చుక్కలు తీయకండి బాబూ. కావాలంటే పిడికిలి తీసేయండి."

పిల్లలు కిసుక్కున నవ్వారు.

"ఏం, వాటి అర్థం మీకు తెలుసా?"

ముసలాయన పక్కనున్న పిల్లాడి యూనిఫాం మీద ఇంకా విప్పని చుక్కల్ని వేలితో తడిమాడు.

"ఇంతకీ ఏ పిల్లాడి తాలూకు మీరు?"

"ఎవరి తాలూకూ కాదు బాబూ."

"మరి మీకెందుకండీ? దయచేయండి, క్లాసు పాడవుతోంది."

ముసలాయన వంగి, నేల మీది నల్లదారం పోగులు ఏరుకుని వెళ్లిపోయాడు. మళ్లీ కనబడలేదు. పీడ విరగడైందనుకున్నాడు మాస్టారు.

వారం తర్వాత బెల్టు పరీక్ష. ఆ రోజు క్లాసు జరిగే హాలు యజమానురాలు వచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. వరసగా నిలబడ్డ పిల్లల్ని చూసి కొయ్యబారిపోయింది.

"చుక్కలేవయ్యా?"

"తీయించేశానండీ. ఎవరో పెద్దాయన వచ్చి గొడవ కూడా చేశాడు."

"అయ్యో, ఎంత పని చేశావయ్యా! ఆయన్ని నిన్ననే మట్టిచేసి వచ్చాం. పోయే ముందు అయిదారు రోజులు మెతుకు ముట్టలేదట."

"ఎవరండీ ఆయన?"

"ఈ బడి పెట్టిన మాస్టారు. ముప్పై ఏళ్ల కిందట ఈ హాలు అంటుకుంటే, తనని నమ్మి పంపినవాళ్ల పిల్లలు ముందు అంటూ తొమ్మిది మందిని బయటికి మోసుకొచ్చాడు. మళ్లీ లోపలికి వెళ్లబోతుంటే కప్పు కూలింది. లోపల మిగిలిపోయిన ముగ్గురూ ఆయన కన్నబిడ్డలే."