కొత్త మెసేజ్‌లు మూడు

“బుకింగ్ ఆవిడ ఫోన్‌కి వచ్చిన మెసేజ్‌లు నేను వినాలి. తెరువు,” అన్నాడు మేనేజర్, ఆపరేటర్ బల్ల ముందు నిలబడి.

ఆపరేటర్ హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టింది. ఆ పార్శిల్ ఆఫీసులో బల్లల మీది ఫోన్లు, గోడ పెట్టెలో మిణుకుమిణుకుమనే ఎక్స్‌ఛేంజ్, ఎవరూ ఎత్తనప్పుడు అవతలివాళ్ల మాటలు దాచి ఉంచే వాయిస్ మెయిల్, అన్నీ చూసుకునేది ఆమే.

“అది ఆవిడ సొంత బాక్సు సార్. పాస్‌వర్డ్ ఆవిడకి తప్ప ఎవరికీ తెలీదు.”

“నీక్కూడానా?”

“నాక్కూడా. పాతది చెరిపేసి కొత్తది పెట్టగలను, అంతే.”

“అదే చెయ్యమంటున్నా.”

అతను గొంతు పెంచలేదు. అరిస్తే ఆమె కూడా నాలుగు మాటలు అనేసి లేచి వెళ్లిపోయేదేమో. కుర్చీ లాక్కుని, తీరిగ్గా ఎదురుగా కూర్చున్నాడు.

“పెద్ద పెద్ద కస్టమర్లు అవతలి కంపెనీకి వెళ్లిపోతున్నాయి. మన రేట్లు వాళ్లకి ఎవరో చేరవేస్తున్నారు. పైవాళ్లు నా పీక మీద కూర్చున్నారు. ఆవిడ చూస్తే సెలవు పెట్టింది. జ్వరమట.”

“నిజంగానే జ్వరం సార్. నిన్న మాట్లాడాను.”

“మాట్లాడతావు. మీరిద్దరూ ఒకే కంచంలో తింటారని అందరూ అంటారుగా. అయితే ఇద్దరి గురించీ పైకి రాస్తాను. ఏం చెప్పుకుంటారో వాళ్లకే చెప్పుకోండి.”

ఇంట్లో ఇప్పుడు సంపాదించేది ఆపరేటర్ ఒక్కతే. బుకింగ్ బల్ల వైపు చూసింది. ఖాళీ కుర్చీ ముందు ఫోన్ మీద చిన్న ఎర్ర దీపం వెలుగుతోంది, వినాల్సిన మాటలున్నాయని. కంప్యూటర్ తన వైపు తిప్పుకుంది. బాక్సు నంబరు, పాత పాస్‌వర్డ్ తొలగింపు, నాలుగు సున్నాలు. వేళ్లు ఎప్పటిలాగే చకచకా నడిచాయి.

అంతలో ఆమె బల్ల మీది ఫోన్ మోగింది. తెర మీద బుకింగ్ అక్క ఇంటి నంబరు. మేనేజర్ స్పీకర్ వైపు వేలు చూపించాడు. ఆమె నొక్కింది.

“ఏమే, నా మెసేజ్‌లు విందామని ఇంటినుంచి ప్రయత్నిస్తుంటే పాస్‌వర్డ్ తప్పంటోంది.” అక్క గొంతు బొంగురుగా ఉంది. “జ్వరం దెబ్బకి నంబరు కూడా మర్చిపోయానంటావా?”

చెప్పొద్దన్నట్టు మేనేజర్ తల అడ్డంగా ఊపాడు.

“లేదక్కా. సిస్టమ్‌లో ఏదో పని జరుగుతోంది. అందరి పాస్‌వర్డ్‌లూ పోయాయి, సాయంత్రానికి కొత్తది ఇస్తాను.”

అబద్ధం తన నోట ఇంత నున్నగా జారుతుందని ఆమెకే తెలియదు.

“సరేలే. ఒక మెసేజ్ కోసం కాచుక్కూర్చున్నా, అందుకని. నువ్వున్నావుగా, నాకేం దిగులు. అన్నం తిన్నావా?”

“తిన్నానక్కా.”

డబ్బా మూతైనా తియ్యలేదు.

ఫోన్ పెట్టేయగానే మేనేజర్ లేచాడు. “కాచుక్కూర్చుందట. విన్నావుగా. పద, నా గదిలో విందాం. ఆనక వాటిని మళ్లీ వినని కొత్తవిగా మార్చెయ్. ఆ దీపం ఆరకూడదు.”

గది తలుపు మూశాడు. ఆమె నిలబడే నంబర్లు నొక్కింది. కొత్త మెసేజ్‌లు మూడు, అంది యంత్రం.

మొదటిది ఒక పెద్దాయన. “అమ్మా, మా సోఫా మూడు కాళ్లతో దిగింది. నాలుగో కాలు వెనకాల నడిచి వస్తోందా?” మేనేజర్ ముఖం చిట్లించి, తర్వాతది పెట్టమన్నాడు.

రెండోది బుకింగ్ అక్క సొంత చెల్లెలు. “సెల్ ఎత్తవు, ఆఫీసులో ఎత్తవు. బతికే ఉన్నావా లేదా? నాతో మాట్లాడకపోతే పోనీ, మందులైనా వేసుకుని ఏడువు.” చివరి మాట దగ్గర ఆ గొంతు వణికింది. ఆపరేటర్ తల వంచుకుంది. పక్కింటి కిటికీలోంచి తొంగి చూస్తూ పట్టుబడ్డట్టుంది ఆమెకి.

మూడో గొంతు మగవాడిది. నమస్కారం చెప్పి, తన కంపెనీ పేరు చెప్పాడు. అవతలి కంపెనీయే. మేనేజర్ కుర్చీలో ముందుకి జరిగాడు.

“మేడమ్, మీరు మా దగ్గరికి రానన్నందుకు మావాళ్లు నొచ్చుకున్నారు. జీతం ఎంత పెంచినా ఉన్న ఆఫీసు వదలనన్నారు మీరు. మీ రేట్లు ఓసారి చెప్పమంటే మొహం మీదే ఫోన్ పెట్టేశారు. అది మా తప్పే, క్షమించండి.”

మేనేజర్ వెనక్కి వాలాడు. ఆపరేటర్‌కి ఒక్కసారిగా ఊపిరి అందింది. అక్క మచ్చ లేకుండా బయటపడింది. సాయంత్రం ఇంటికెళ్లి, కాళ్లు పట్టుకునైనా ఉన్నదంతా చెప్పేయాలనుకుంది. ఆపేద్దామని చెయ్యి చాపింది.

“ఉండు, ఇంకా ఉంది,” అన్నాడు మేనేజర్.

“పోతే, మొదట మాట్లాడినప్పుడు మీ దగ్గర ఫోన్లు చూసుకునే అమ్మాయి గురించి అంత గట్టిగా చెప్పారు కదా. మాకూ అలాంటి మనిషే కావాలి. ఇల్లు గడవడం కష్టంగా ఉందన్నారు, అందుకే ఇప్పుడిచ్చే దానికి రెట్టింపు ఇద్దామని నిర్ణయించాం.”

మేనేజర్ మెల్లగా తలెత్తి ఆమె వైపు చూశాడు. ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

“ఇంటర్వ్యూ కూడా అక్కర్లేదు మేడమ్, సోమవారం నేరుగా వచ్చేయమనండి. ‘ప్రాణం మీదికొచ్చినా సరే, ఒకరి మెసేజ్ ఇంకొకరి చెవిన పడనివ్వదు’ అని మీరిచ్చిన హామీ ఒక్కటి చాలు మాకు.”