ఎడమచేతి కొడవలి

“ఓ అయ్యా, కొడవలి తప్పు చేతిల పెట్టినవ్ గదా!”

నారాయణఖేడ్ చౌరస్తాలో కొత్త సిమెంటు బొమ్మకు రంగులేస్తున్న చన్నప్పను చూసి రేవమ్మ కేకేసింది. జొన్న కోస్తున్న ఆడమనిషి బొమ్మ అది. కొడవలి ఎడమచేతిలో ఉంది.

పక్కనున్న కోడలు శివగంగ తన ఎడమచేతిని కొంగులో దాచుకుంది. అత్త తిట్లకు జడిసి కుడిచేత్తో కోసి, పోయినేడు కోతల్లో ఆమె అందరికంటే వెనకబడింది.

చన్నప్ప నిచ్చెన మీంచే నవ్వాడు. “తప్పు గాదవ్వా. గామె మా అమ్మ. ఎడమచేత్తోనే కోసేది. మా నాగల్‌గిద్దల ఆమెను అందుకున్నోళ్లు లేరు.”

“మరి అత్త ఊకున్నదా?” అడిగింది రేవమ్మ.

“మస్తు తిట్టేది. కోతలొస్తే మాత్రం నా కోడలు, నా కోడలు అని ఊరంత చెప్పుకునేది.”

రేవమ్మ బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగింది. పళ్లు అరిగాయని కక్కు కొట్టించడానికి తెచ్చిన కొడవలితో కమ్మరి కొలిమికి నడిచింది.

“ఎడమచేతికి పనికొచ్చేటట్టు కక్కు కొట్టు, జల్దీ,” అంది కమ్మరితో. తర్వాత కోడలి వైపు తిరిగింది. “ఇగ గిప్పుడు గూడ ఎనకబడ్డవో, చూడు నా సంగతి!”

కమ్మరి కక్కు కొట్టి ఇవ్వగానే శివగంగ కొంగులోంచి ఎడమచేయి తీసి కొడవలి అందుకుంది.