లిఫ్టు ఫోన్

జ్యోత్స్న భర్త జగదీశ్వర్ అత్తింటి చుట్టాలనైనా భరిస్తాడు గానీ, నెట్‌లో వచ్చేవాటిని వడపోసే ఫైర్‌వాల్ గుర్తుపట్టని కాల్‌ను మాత్రం గడప దాటనివ్వడు. చిక్కడపల్లిలో వాళ్ల అపార్ట్‌మెంట్ నెట్‌కు ఆయనే కాపలా.

ఆ రాత్రి లిఫ్టు మధ్యలో ఆగింది. పెరుగు కోసం కిందికి దిగిన జ్యోత్స్న అత్తయ్య అనసూయమ్మ ఇంకా రాలేదు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ల కోసం పెట్టిన నెట్ ఫోన్ నుంచి ఏదో మెసేజ్ మళ్లీ మళ్లీ వస్తోంది. ఫైర్‌వాల్ ఆపేస్తోంది.

“ఇది ఫోన్లు పంపే మెసేజ్ లెక్క లేదు. ఆపుడే మంచిది,” అన్నాడు జగదీశ్వర్.

“లోపల మీ అమ్మ ఉందేమో! జర రానియ్యండి.”

అతను ఫైర్‌వాల్ రూల్ మార్చి దాన్ని రానిచ్చాడు. వెంటనే ఇంట్లో ఫోన్ మోగింది. జ్యోత్స్న స్పీకర్ నొక్కింది.

“బిడ్డా, తలుపు తియ్యి,” అంది అత్తయ్య గొంతు.

అప్పుడే పెరుగు ప్యాకెట్‌తో, మెట్లెక్కిన ఆయాసంతో అత్తయ్య లోపలికొచ్చింది.

“ఎవరే గామె? అచ్చం నా లెక్కనే మాట్లాడుతున్నది?”

బయట, ఆగిన లిఫ్టు కదిలిన చప్పుడు. పైకే వస్తోంది.

“నాదే తప్పండీ,” అంది జ్యోత్స్న. “ఆపే ఉంచాల్సింది.”